దేవునితో చెప్పిన మాట, భార్యతో చెప్పని మాట



డిసెంబరు నెల మూడవ వారము వచ్చునప్పటికి మా పాలమూరు పల్లెలలో సందడి మొదలగును. ముంబాయికి, పూణేకు, హైదరాబాదుకు పనికి పోయినవారు క్రిస్మసుకు ఇండ్లు చేరుదురు. తెల్లవారుజామున బస్సు దిగినవాని చేతిలో బిడ్డలకు కొత్త బట్టలు, తల్లికి దుప్పటి, భార్యకు చీర ఉండును. ముసలివారు తలుపు తీసి దేవునికి స్తోత్రము చెప్పుదురు. ఏడాది పొడుగున మందిరములో మగవారి వైపు ఖాళీగానుండిన చాపలు ఆ ఆదివారము నిండిపోవును.

ఈ సంతోషమును చూచుచు సుమారు ముప్పది ఏండ్లుగా నేను కాపరి పని చేయుచున్నాను. అయితే ఆ బస్సు దిగినవారిలో కొందరు కంటికి కనబడని మరియొకదానిని కూడ ఇంటికి తెచ్చుచున్నారని నాకు ఆలస్యముగా తెలిసెను. దానిని గూర్చియే ఈ నెల వ్రాయుచున్నాను. ఇట్టి సంగతి ఇట్టి పత్రికలో ఏల అని తల్లులు పుట త్రిప్పివేయవద్దని మనవి. మనము చెప్పక దాచినందువలన ఎవరు నష్టపోయిరో కడవరకు చదివి, అటుపిమ్మట మీరే తీర్పు తీర్చుడి.

మా ప్రాంతపువారు పొట్ట చేతపట్టుకొని పరాయి చోటికి పోవుట నిన్న మొన్నటిది కాదు. ఈ దేశములో అనేకమైన ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినవారు పాలమూరు కూలీలు. ముంబాయి నగరములో కామాఠీపుర అను పేట కలదు. 19వ శతాబ్దములో నైజాము రాజ్యపు తెలుగు సీమనుండి కట్టడపు పనికి వెళ్లిన కూలీలను అక్కడివారు కామాఠీలనిరి. వారు కాపురముండిన చోటు గనుక దానికి ఆ పేరు వచ్చెను. తరువాతి కాలమున ఆ పేటలో వేశ్యాగృహములు పెరిగినందున, మన పూర్వికుల కష్టమునకు గురుతుగా నిలువవలసిన పేరు పలుకుటకే సిగ్గుపడు పేరాయెను.

పట్నము పోవువాడు పాపము చేయుటకు పోవుట లేదు. అప్పు తీర్చుటకు పోవుచున్నాడు. గుంపు మేస్త్రి యొద్ద ముందుగా తీసికొన్న డబ్బుకు కట్టుబడి పోవుచున్నాడు. అక్కడ రేకుల గదిలో పది పన్నెండుగురి మధ్య పండుకొనును. ఊరిలోనైతే తండ్రి కన్ను, సంఘపు కన్ను, ఎదురింటి పెద్దమ్మ కన్ను వానిమీద నుండును. అక్కడ వాని ఇంటిపేరు తెలిసినవాడే లేడు. వారపు కూలి చేతికి వచ్చిన రాత్రి తోటివారు త్రాగింతురు, నీవు మగవాడవు కావా అని ఎగతాళి చేయుదురు. పోయినవారందరు పడిపోవుదురని నేను చెప్పుట లేదు. పరదేశములో యోసేపు నిలిచినట్లు నిలిచినవారు మన సంఘములలో అనేకులు కలరు. పడినవాడు తిరిగి వచ్చినప్పుడు ఏమి చేయవలెను అనునదే ఇక్కడి ప్రశ్న.

ఆ ప్రశ్నకు నేను ఒకప్పుడు తప్పు జవాబు చెప్పితిని. దానిని దాచక మీ యెదుట పెట్టుచున్నాను.

1998 క్రిస్మసు మరునాటి రాత్రి ఒక యౌవనుడు మా ఇంటి అరుగుమీదికి వచ్చి కూర్చుండెను. ముంబాయిలో సుతారి వెంట కూలి చేయువాడు, ఒక పసిబిడ్డకు తండ్రి. నేను అప్పటికి ముప్పది ఏండ్లు నిండని కాపరిని. సెమినరీ చదువు ముగించి కొద్ది సంవత్సరములే ఆయెను. "అయ్యగారూ, పట్నంల తప్పు చేసిన. ఒక్కసారి గాదు" అని వాడు వెక్కి వెక్కి ఏడ్చెను. ఇద్దరము మోకరించి ప్రార్థించితిమి. లేచిన తరువాత వాని భుజము తట్టి, "తమ్ముడూ, దేవుడు నిన్ను క్షమించినాడు. ఇంక మరిచిపో. ఈ మాట ఇంట్లో చెప్పి ఆ పిల్ల మనసు విరగ్గొట్టకు" అంటిని. వాడు భారము దిగినవాడై వెళ్లెను. నేనును మంచి కాపరిపని చేసితిననుకొని ఆ రాత్రి హాయిగా నిద్రపోతిని.

2000లో వారికి రెండవ బిడ్డ పుట్టెను. ఆ బిడ్డకు ఒంటికి కండ పట్టలేదు. మూడేండ్లు నిండకమునుపే కన్ను మూసెను. 2003లో తండ్రికి దగ్గు, జ్వరము తగ్గక ఆసుపత్రికి తీసికొనిపోగా క్షయ అని, దాని వెనుక హెచ్‌.ఐ.వి. కలదని తేలెను. ఆ యేడే అతడు ప్రభువునందు నిద్రించెను. పోవుటకు ముందు భార్యతో సమస్తమును చెప్పుకొనెను. నాయొద్దకు వచ్చిన రాత్రి సంగతియు చెప్పెను. ఆమెకు పరీక్ష చేయగా ఆమె రక్తములోను ఆ క్రిమి కనబడెను.

భూస్థాపన జరిగిన కొన్ని దినములకు ఆమెను ఆదరించుటకు వెళ్లితిని. ఆమె నన్ను తిట్టలేదు. చాప వేసి, మంచినీళ్లిచ్చి, నెమ్మదిగా ఇట్లనెను: "అయ్యగారూ, ఆయన మీతోని చెప్పుకున్నడు. మీరిద్దరు గలిసి దేవునితోని మాట్లాడుకున్నరు. నాతోని మాత్రం ఎవ్వరు మాట్లాడలే."

ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయెను. ఇప్పటికిని లేదు.

అప్పటినుండి ఈ సంగతిని గూర్చి ఆలోచించుచున్నాను. ఒకడు చేసిన తప్పును దేవుడు క్షమించిన తరువాత, ఆ తప్పువలన అపాయములోనున్న మనుష్యునికి అతడు చెప్పవలసినది ఇంకను ఉన్నదా? చెప్పకుండుటయే దయ యగునా? నేను ఆనాడు మౌనమును దయ అనుకొంటిని. ఎవరియెడల దయ? ఏడ్చుచున్నవానియెడల దయ చూపితిని. ఇంటిలో నిద్రపోవుచున్న ఆమె నా తలంపునకే రాలేదు.

క్షమాపణ మనస్సాక్షిని కడుగును. రక్తములోని క్రిమిని కడుగదు. ఒకని బావిలో తనవలన విషము పడినదని తెలిసినవాడు దేవునితో చెప్పుకొని ఊరకుండిన యెడల వానిని భక్తుడందుమా? ఆ బావి నీళ్లు త్రాగకుడని ఆ ఇంటివారికి కేక వేయవలసినవాడు గదా. భార్య శరీరము పొరుగువాని బావికంటె తక్కువదా?

జక్కయ్య సంగతి మీరెరుగుదురు. ప్రభువు తన ఇంటికి వచ్చిన దినమున అతడు కన్నీళ్లు కార్చి ఊరకుండలేదు. అన్యాయముగా తీసికొన్నదానిని నాలుగంతలు తిరిగి ఇత్తునని నిలువబడి చెప్పెను. నిజమైన మారుమనస్సు నష్టపోయినవాని గడపవరకు నడిచిపోవును. డబ్బు విషయములో దీనిని అందరమును ఒప్పుకొందుము. శరీరము విషయములో మాత్రము దేవునితో చెప్పుకొంటిమి గనుక చాలునని తప్పించుకొనుచున్నాము.

దావీదు సంగతియు ఆలోచించుడి. అతని మొదటి తప్పు కంటె దానిని దాచుటకు చేసిన రెండవ తప్పు ఘోరమైనది. అతడు యుద్ధములోనున్న అధిపతికి ఉత్తరము వ్రాసి దానిని ఊరియా చేతనే పంపెను. లోపల ఏమి వ్రాసియున్నదో ఎరుగక ఆ మనుష్యుడు తన మరణమును తానే మోసికొనిపోయెను. ఏమియు నెరుగక అట్టి ఉత్తరమును మోయుచున్న భార్యలు మన పల్లెలలో ఉన్నారు.

చెప్పిన యెడల సంసారము విరిగిపోవును గదా, పిల్లలు దిక్కులేనివారగుదురు గదా అని పెద్దలందురు. ఇందులో నిజము లేకపోలేదు. ఆమె ఏడ్చును, కోపపడును, పుట్టింటికి పోయినను పోవచ్చును. అట్లు కోపపడుటకు ఆమెకు హక్కు కలదు. అయితే చెప్పకుండుటవలన నిలిచిన సంసారము ఎంతకాలము నిలిచెను? పైన చెప్పిన కుటుంబము అయిదేండ్లు నిలిచెను. ఆ అయిదేండ్లలో ఒక బిడ్డయు, ఒక తండ్రియు పోయిరి. విరిగిన మనస్సును ప్రభువు బాగుచేయుట నేను చూచితిని. ఆ బిడ్డను తిరిగి ఇచ్చువారు లేరు.

కాపరి తనతో చెప్పుకొన్న మాటను బయట వేయరాదు. ఆ రాత్రి నేనే పోయి ఆమెకు చెప్పవలసినదని నా భావము కాదు. వాని చెయ్యి పట్టుకొని, "తమ్ముడూ, ప్రార్థన అయినది, ఇంక ఆసుపత్రికి పోదాం పద. రక్తపరీక్ష ఫలితం తెలిసేవరకు భార్య పక్కకు పోవద్దు. తరువాత ఆమెతో మాట్లాడు, నేను నీ పక్కన కూర్చుంటా" అని చెప్పవలసినది. ఆ కాలమున ఆ వ్యాధికి మందు బీదవారికి అందెడిది కాదు. అయినను పరీక్ష జరిగియుండిన యెడల ఆమెయు, పుట్టబోవు బిడ్డయు తప్పించుకొని యుండవచ్చును. ఒక్క రాత్రిలో అంతయు చెప్పలేనివాడు కనీసము "మనమిద్దరము పరీక్ష చేయించుకొందాము" అనునంతవరకైన చెప్పవలెను. సత్యమునకు అది మొదటి మెట్టు.

ఇప్పుడు ప్రతి ఇంట తెలిసియుండవలసిన కొన్ని సంగతులు చెప్పెదను.

సుఖవ్యాధులు ఒకటి కావు, అనేకములు. మూత్రములో మంట, చీము కనబడగానే మనవారు వేడి చేసెనని మజ్జిగ త్రాగి ఊరకుందురు. లేనిచో బస్టాండు ప్రక్కన గుడారము వేసినవానికి డబ్బు పోసి వేళ్లు, పొడులు తెచ్చుకొందురు. అది సెగ కావచ్చును. సరియైన మందుతో అది నయమగును. అయితే భార్యాభర్తలిద్దరును ఒకేసారి మందు తీసికొనవలెను, లేనిచో ఒకరినుండి ఒకరికి మరల వచ్చును. సవాయి మరింత మోసకరమైనది. దాని పుండు నొప్పి లేకుండ వచ్చి, కొన్ని వారములలో తనంతట తానే మానిపోవును. మానినది పుండు మాత్రమే; వ్యాధి రక్తములో నుండును. గర్భిణికి సోకిన యెడల కడుపులోని బిడ్డ చనిపోవచ్చును. పెన్సిలిన్ సూదిమందుతో అది నయమగును. కాలేయమును చెరుపు హెపటైటిస్-బి కూడ ఈ మార్గమున వచ్చును. దానికి టీకా కలదు.

హెచ్‌.ఐ.వి. సోకినవాడు ఎనిమిది పది ఏండ్లు కూడ బలముగా మూటలు మోయుచు తిరుగవచ్చును. మనిషిని చూచి ఎవరును చెప్పలేరు, పరీక్షయే చెప్పవలెను. సోకిన మొదటి వారములలో పరీక్షకును దొరకకపోవచ్చును గనుక మూడు నెలలకు మరల చేయించుకొనవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రములలో ఈ పరీక్ష ఉచితము; అక్కడ సలహాదారులు భార్యాభర్తలను కూర్చుండబెట్టి మాటలాడుదురు. 1097 అను నంబరుకు ఫోను చేసిన యెడల డబ్బు ఖర్చు లేకుండ సలహా దొరకును. 2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము, సమ్మతి లేకుండ పరీక్ష చేయరాదు, ఫలితమును వీధిలో వేయరాదు, వ్యాధి కలదని పనినుండి తీసివేయరాదు. తనకు వ్యాధి కలదని తెలిసినవాడు ఇతరులకు సోకకుండ జాగ్రత్తపడవలెనని కూడ ఆ చట్టమే చెప్పుచున్నది.

2004 ఏప్రిలులో మన ప్రభుత్వము ఈ వ్యాధికి ఉచితముగా మందులిచ్చుట మొదలుపెట్టెను. 2017నుండి వ్యాధి కలదని తేలిన ప్రతివానికి ఆలస్యము లేకుండ మందు మొదలుపెట్టుచున్నారు. మందు దినదినము తప్పక వాడినవాడు పనిపాటలు చేసికొనుచు దీర్ఘకాలము జీవించును. రక్తములో క్రిమి పరీక్షకు కనబడనంతగా తగ్గి, అట్లే నిలిచియుండిన యెడల భార్యకుగాని భర్తకుగాని సంసారమువలన సోకదు. గర్భిణి మందు వాడిన యెడల బిడ్డకు సోకు అపాయము మిక్కిలి తగ్గిపోవును. 1998లో చెడ్డ వార్త మరణవార్తగా నుండెను. ఇప్పుడు అట్లు కాదు. కాబట్టి దాచుటకు ఆనాడున్న సాకు ఈనాడు లేదు.

ప్రార్థన చేయించుకొంటిమి గనుక పరీక్ష వద్దు, మందు వద్దు అనువారికి ఒక మాట. ప్రభువు కుష్ఠరోగిని ముట్టి శుద్ధునిగా చేసిన తరువాత వానిని యాజకునికి కనబరచుకొనుమని పంపెను. ఆ కాలమున చర్మమును పరీక్షించువాడు యాజకుడే. స్వస్థపరచిన ప్రభువే పరీక్షకు పంపగా, పరీక్ష అవిశ్వాసమని మనమెట్లు చెప్పగలము? వైద్యుడు చెప్పక మందు మానిపించు బోధకుడు ప్రాణముతో ఆడుకొనుచున్నాడు.

నిరోధ్‌ను గూర్చియు అడుగుదురు. పవిత్రతయే దేవుని మార్గమని నేను బోధించుచున్నాను, దానిని మార్చను. అయితే మొదటి ఆజ్ఞను మీరినవాడు రెండవ ఆజ్ఞను కూడ మీరవలెనని లేదు. వ్యభిచరించువానికి సహితము నరహత్య చేయవద్దను ఆజ్ఞ ఉండనే యున్నది.

ఇక సంఘమైన మన తప్పులు. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలొమోన్, ఆమెయొద్ద చదువుచున్న సెల్లప్పన్ నిర్మల అనువారి పనివలన ఈ వ్యాధి ఈ దేశములో మొదట బయటపడెను. అది వేశ్యావృత్తిలోనున్న స్త్రీల రక్తములో కనబడినందున, అది అట్టివారి వ్యాధి, మన ఇండ్లది కాదు అని అనేకులు అనుకొనిరి. 2023 అంచనా ప్రకారము ఈ దేశములో 25 లక్షలకు పైగా జనులు ఈ వ్యాధితో జీవించుచున్నారు. వారిలో తన భర్తను తప్ప మరియొకని ఎరుగని ఇల్లాండ్రు ఎందరో కలరు. కావున రోగమును చూచి పాపమును కొలువకుడి. క్రిమి నీతిమంతుని, పాపిని విచారించి సోకదు.

మరియొక అన్యాయము కలదు. గర్భిణికి ఆసుపత్రిలో పరీక్ష చేయుదురు గనుక ఇంటిలో మొదట బయటపడునది తరచుగా ఆమె వ్యాధియే. వెంటనే అత్తవారు కోడలే తెచ్చెనని వెళ్లగొట్టుదురు. మొదట తెలిసినవారు మొదట తెచ్చినవారు కారు. అత్తలారా, ఈ మాటను మీ మనస్సులో నుంచుకొనుడి.

పట్నములోని ఆ స్త్రీలను శపించుటయు మానవలెను. వారిలో అనేకులు మన పల్లెలవంటి పల్లెలనుండి, మన కరవువంటి కరవువలన, ఎవరో పని ఇప్పింతునని నమ్మించి తీసికొనిపోగా చేరినవారు. మన కుమారుడు పని వెదకుచు పోయెను. ఆమెయు పని వెదకుచునే పోయెను.

బల్లయొద్ద ఒకే పాత్రలో త్రాగుటకు భయపడి, పైన చెప్పిన ఆ విధవరాలిని మన సంఘస్థులే కొంతకాలము చివరను కూర్చుండబెట్టిరి. పాత్రవలన, చెయ్యి కలుపుటవలన, కలిసి భుజించుటవలన, దోమకాటువలన ఈ వ్యాధి రాదు. ఆ సంగతి నేను తెలిసికొనిన తరువాత, ఆమె త్రాగిన వెంటనే ఆ పాత్రలోనే నేను త్రాగితిని. తరువాతి నెలనుండి చాప ఎక్కడ వేయవలెనని ఎవరును అడుగలేదు.

నాతోటి కాపరులకు, పెద్దలకు నా మనవి ఇది. జనవరిలో పురుషులు తిరిగి పనికి పోవుటకు ముందు వారిని వేరుగా కూర్చుండబెట్టి ఈ సంగతులు సూటిగా చెప్పుడి. వీలైనచోట భార్యాభర్తలు కలిసి పోయి కలిసి బ్రదుకునట్లు సహాయము చేయుడి. తిరిగి వచ్చినవాడు మీయొద్ద ఏడ్చినప్పుడు, వానితో ప్రార్థించుడి, వానిని విడువకుడి. అయితే ఇంటనున్న ఆమెను కూడ జ్ఞాపకము చేసికొనుడి. ఒప్పుకొన్నవానిని ఊరివారు రాళ్లతో కొట్టుదురను భయమున్నంతకాలము ఎవడును ఒప్పుకొనడు. మన కాఠిన్యమే వారి మౌనమునకు పాలు పోయుచున్నది.

ఆమె ఇంకను జీవించియున్నది. ఉచిత మందులు తనకు అందిన దినమునుండి ఒక్క పూటయు తప్పక వాడుచున్నది. పసిబిడ్డగా నుండిన ఆ పెద్దకుమారునికి ఇప్పుడు ఇరువది ఎనిమిదేండ్లు. పూణేలో బండలు పరచు పనిలో నున్నాడు. అతడు మొదటిసారి పోవుచున్న దినమున ప్రార్థనకు నన్ను పిలిచిరి. నేను ప్రార్థించిన తరువాత ఆమె నా యెదుటనే కుమారుని గడ్డము పట్టుకొని, "బిడ్డా, తప్పు చెయ్యకు. చేస్తే దాయకు. తప్పుకన్న నాకు దాచుడే భయం" అనెను.

ఆ ఇంటిలో అప్పుడు ముగ్గురము ఉంటిమి. ఈసారి ఆమె లేకుండ ఎవరును మాటలాడలేదు. ఈ క్రిస్మసున మన ఇండ్లన్నిటిలోను అట్టి మాట పలుకు ధైర్యమును, దానిని వినగల దయను ప్రభువు మనకు అనుగ్రహించును గాక.